అరువు ఆకుల యాపిల్

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, ఏప్రిల్ నెలాఖరున, సౌదీ అరేబియాలోని తాయిఫ్ పట్టణంలో నేను ఉద్యోగంలో చేరాను. హోదా సీనియర్ బొటానికల్ ఇలస్ట్రేటర్. అంటే మొక్కలను, పువ్వులను, కాయలను శాస్త్రానికి పనికొచ్చే కొలతలతో చిత్రించే పని. అంతకు ముందు ఇరవై నాలుగేళ్లు కడప జిల్లాలో ఒక ఉద్యాన పరిశోధనా కేంద్రంలో ‘ఆర్టిస్ట్ కమ్ ఫొటోగ్రాఫర్’గా పనిచేశాను. మామిడి, చీనీ, బొప్పాయి నా చేతి కింద వందల కొద్దీ గడిచాయి. యాపిల్ మాత్రం బజారులో కొనుక్కుని తినడమే తప్ప చెట్టు మీద ఎన్నడూ చూసినదాన్ని కాదు.

సౌదీలో యాపిల్ ఏమిటని మా వాళ్లు నవ్వారు. జెద్దాలో విమానం దిగి, మక్కా ఊళ్లోకి పోకుండా చుట్టుదారి పట్టుకుని కారులో కొండ ఎక్కితే ఆ నవ్వు ఆగిపోతుంది. కింద ఒళ్లు కాలిపోయే ఎండ ఉంటే, పైన శాలువా కావాలి. ఆ సరవాత్ కొండల మీద రాతి గోడలు కట్టి, మెట్లు మెట్లుగా మట్టి నిలిపి, తరతరాలుగా దానిమ్మ, ద్రాక్ష, నేరేడంత నుంచి పిడికిలంత దాకా రకరకాల నాటు యాపిళ్లు పండించారు. ఆ నాటు రకాలను అక్కడివాళ్లు ‘బలదీ’ అంటారు. అవి ఒక్కొక్కటే పోతున్నాయి. మిగిలినవాటికి బొమ్మలతో జాబితా తయారుచేసే పనిని ఒక ప్రైవేటు వ్యవసాయ సలహా సంస్థ తీసుకుంది. నన్ను పిలిపించింది వాళ్లే. జాబితా అచ్చుకు వెళ్లేదాకా, అంటే డిసెంబరు వరకు, నా కాంట్రాక్టు.

మా బృందానికి పెద్ద డాక్టర్ హిషామ్. ఈజిప్టు మనిషి, పండ్ల తోటల శాస్త్రంలో డాక్టరేటు. ఆయన కింద ఇద్దరు ఉద్యాన అధికారులు, తర్వాత నేను. హోదాలో నేను అడుగున ఉన్నా, ప్రతి చెట్టు కాగితం నా సంతకం దాటే పైకి వెళ్లేది. దానికి కారణం ఒక పాత చెక్కపెట్టె.

ఆ పెట్టెలో ముప్పై ఒక్క నీటిరంగుల చిత్రాలు ఉన్నాయి. మా వృత్తిలో ఒక్కో చిత్రాన్ని ప్లేటు అంటాం. చాలా దశాబ్దాల కింద ఎవరో విదేశీ నిపుణుడు ఆ కొండల్లో తిరిగి వేసినవి. సంతకం లేదు. ఒక్కో ప్లేటులో ఒక్కో రకం: పండు, నిలువుగా కోసిన సగం పండు, ఆకులున్న రెమ్మ, అంచున పెన్సిలుతో అరబిక్‌లో స్థానిక పేరు. పదకొండు యాపిళ్లవే. ఫొటో ఉండగా బొమ్మ ఎందుకని చాలామంది అడుగుతారు. ఫొటోలో పడేది ఆ రోజు దొరికిన ఒక్క కాయ, దాని దెబ్బలతో సహా. మేము పది కాయలు కొలిచి, ఆ రకానికి నిజమైన పోలిక ఏదో తేల్చుకుని గీస్తాం. లోపలి గింజల గదిని, ఆకు అడుగు నూగును, తొడిమ వాలును ఒకే కాగితం మీద చూపిస్తాం. అందుకే పాత యాపిల్ రకాలను గుర్తించడానికి పాత చిత్రాలనే సాక్ష్యంగా తీసుకుంటారు.

మా పద్ధతి ఇలా ఉండేది. కొండ మీద ఒక ముసలి చెట్టు కనబడితే, దాన్ని పెట్టెలోని ప్లేటుతో పోల్చి ‘సరిపోలిక పత్రం’ నింపాలి. మూడు లక్షణాలు తప్పితే అది ‘విత్తు మొక్క’. యాపిల్ గింజ నాటితే తల్లి రకం రాదు, ఏదో కొత్తది పుడుతుంది. పిలకో అంటో అయితేనే రకం నిలుస్తుంది. కాబట్టి మా ఫైళ్లలో విత్తు మొక్క అంటే పేరూ విలువా లేనిదని అర్థం. సరిపోలితే ‘వారసత్వ చెట్టు’. దానికి నంబరు పలక, ఆ మెట్టు గోడకు ప్రాజెక్టు ఖర్చుతో మరమ్మతు.

మే రెండో వారంలో ఏడో ప్లేటు కాగితం చేతికొచ్చింది. దానితో పోల్చాల్సిన చెట్లున్న పొలం ఉమ్మ్ సాలెహ్ అనే పెద్దావిడది. డెబ్బై దాటిన వితంతువు. ఇంట్లో మగవాళ్లు లేరు కనుక డాక్టర్ హిషామ్ కింద కారులోనే ఆగిపోయారు. నాకు అరబిక్ నాలుగు ముక్కల కంటే రాదు. ఆ రోజు పెద్దావిడకు షుగర్ చూడటానికి వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నర్సు దారిలో కలిసి, నా బ్యాగు మీద తెలుగు అక్షరాలు చూసి ఆగింది.

“వందనాలండీ! మీది ఏ ఊరండీ? మాది పాలకొల్లు దగ్గర. సుగుణ అంటారు నన్ను” అంది.

పదహారేళ్లుగా ఆ కొండ మీదే ఉద్యోగం. అరబిక్‌ను అక్కడి ముసలమ్మల యాసతో సహా మాట్లాడేది. ఆ రోజు నుంచి నాకు ఆమే నోరు.

మూడో మెట్టు మీద ఏడు చెట్లు వరసగా ఉన్నాయి. పూత అయిపోయి గోలీకాయలంత పిందెలు దిగాయి. చెట్ల వెనక రాతి గోడ మధ్యలో పొట్టలా ఉబ్బి ఉంది. ఉమ్మ్ సాలెహ్ మొదట గోడే చూపించింది. తర్వాత చెట్ల పేరు చెప్పింది: ఉమ్మ్ ఖద్ద్.

“బుగ్గల తల్లి అన్నట్టండీ” అంది సుగుణ. “పండితే ఒక్క వైపే ఎర్రబడతాదంట. పెళ్లైన కొత్తలో వాళ్ల అత్తగారు పక్క ఊరి నుంచి పిలక తెచ్చి నాటించారంట.”

ఏడో ప్లేటు అంచున రాసిన పేరూ అదే. అయినా పేర్లను నేను లెక్కలోకి తీసుకోను. ఒకే మామిడిని మా జిల్లాలోనే మూడు పేర్లతో పిలుస్తారు. ప్లేటు నకలు తీసి ఆకులు చూశాను. ప్లేటులో ఆకు వెడల్పు, అంచున ముతక రంపపు పళ్లు, అడుగున తెల్లటి నూగు. చెట్టు మీది ఆకు సన్నం, సన్నని పళ్లు, అడుగున నున్నన. మూడు లక్షణాలూ తప్పాయి. పావుగంటలో పత్రం నింపి సంతకం పెట్టాను. విత్తు మొక్క.

సుగుణ చేత ఆ మాట చెప్పించాను. పెద్దావిడ నా మొహంలోకి చూసి ఏదో గట్టిగా అంది.

“ఏమంటున్నారు?”

“మళ్లీ ఎప్పుడన్నా రమ్మంటున్నారండీ” అంది సుగుణ.

నేను తలూపి దిగి వచ్చేశాను. ఆ పత్రం మీద డాక్టర్ హిషామ్ ముద్ర వేశారు. గోడ మరమ్మతుల జాబితాలోంచి మూడో మెట్టు పోయింది. ఏడో ప్లేటును జాబితాలో ‘అంతరించిన రకం’ అని చేర్చాం. పాత ప్లేటు చూసి శుభ్రమైన నకలు నేనే వేశాను. మంచి నకలు. ఆకు అడుగున నూగు కోసం రెండు రోజులు పట్టింది.

ఆగస్టు మొదటి వారంలో సుగుణ మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో గుడ్డ సంచి.

“అవ్వ పంపిందండీ. తినమంది. గీయమనలేదు” అంది నవ్వుతూ. తర్వాత కొంచెం మొహమాటంగా, “ఆ రోజు నేను అబద్ధమాడానండీ. ఆవిడ మళ్లీ రమ్మనలేదు. కాయ చూడకుండా యాపిల్‌ని కాదంటోంది, ఈవిడకి చదువు ఎవరు చెప్పారు అంది. మీరు కొత్త కదా, నొచ్చుకుంటారని చెప్పలేదు.”

నొచ్చుకున్నాను. అయితే సంచి విప్పాక నొచ్చుకునే తీరిక లేకపోయింది. పసుపు పండు, ఒక్క బుగ్గ మాత్రమే ఎరుపు. తొడిమ పక్కన చిన్న కండ లేచి, తొడిమను పక్కకు నెట్టి ఉంది. చాకు తీసుకుని ఒకదాన్ని నిలువుగా కోశాను. యాపిల్ అడుగున ఎండిన పువ్వు మిగిలే గుంటను మేము కన్ను అంటాం. ఆ కంటి కింద ఒక సన్నని గొట్టం ఉంటుంది. చాలా రకాల్లో అది పొట్టిది. ఇందులో గరాటులా సాగి గింజల గది దాకా దిగింది. ఆ గొట్టాన్ని నేను రెండు నెలల కింద నా చేత్తో గీశాను, ఏడో ప్లేటు నకలులో.

ఇంకో నాలుగు కాయలు కోశాను. అన్నీ అంతే. పండు ఏడో ప్లేటుది. ఆకు కాదు. ఒకే చెట్టు మీద ఈ రెండూ కుదరవు. అంటే చెట్టు తప్పైనా కావాలి, ప్లేటు తప్పైనా కావాలి.

చెక్కపెట్టెలోంచి అసలు ప్లేటును తీయించి, కిటికీ దగ్గర పెట్టి, భూతద్దంతో చూశాను. మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. వెలుతురు ఎప్పుడూ ఎడమ పైనుంచి పడుతున్నట్టే గీస్తాం. పండు మీద వెలుతురు ఎడమ నుంచే ఉంది. ఆకుల మీద మాత్రం కుడి నుంచి పడింది. ఎందుకిలా ఉందో అర్థం కాక మిగతా యాపిల్ ప్లేట్లన్నీ బల్ల మీద పరిచాను. తొమ్మిదో ప్లేటులో దొరికింది. అక్కడి రెమ్మలో మూడో ఆకు అంచున పురుగు కొరికిన చంద్రవంక లాంటి గాటు ఉంది. ఏడో ప్లేటులోనూ మూడో ఆకుకు అదే గాటు, అదే ఈనె పక్కన. ఎడమది కుడికి తిప్పి వేశాడు, అంతే తేడా. ట్రేసింగు కాగితాన్ని బోర్లించి దిద్దితే అలాగే వస్తుంది. వెలుతురు కూడా దానితో పాటే తిరగబడింది.

ఆ చిత్రకారుడు ఉమ్మ్ ఖద్ద్ ఆకును గీయనే లేదు. బహుశా పండు చేతికొచ్చింది, రెమ్మ వాడిపోయింది, మళ్లీ కొండ ఎక్కే వీలు లేకపోయింది. పక్క రకం ఆకులు అరువు తెచ్చి ఖాళీ నింపాడు. ఇది ఇంత తొందరగా నాకు తట్టడానికి కారణం నేనూ ఒకసారి అలా చేసి ఉండటమే. కడపలో ఉన్నప్పుడు ఒక మామిడి రకం రెమ్మ ఎండకు వాడిపోతే, బులెటిన్ గడువు మర్నాడే ఉంటే, పక్క చెట్టు ఆకులు చూసి గీసి ఇచ్చేశాను. ఎవరూ కనిపెట్టలేదు. ఆ బులెటిన్ ఇప్పటికీ చలామణీలో ఉంది.

డాక్టర్ హిషామ్ గదికి రెండు ప్లేట్లూ, కోసిన పండూ పట్టుకెళ్లాను. ఆయన చాలాసేపు చూశారు. జాబితా మొదటి ప్రతి ప్రభుత్వ వ్యవసాయ శాఖకు వెళ్లిపోయిందని, ఆ పత్రం మీద ఉన్నది నా సంతకమేనని గుర్తుచేశారు.

“ప్రమాణమే తప్పంటారా, మీరు తప్పంటారా?” అని ఇంగ్లీషులో అడిగారు.

“రెండూ, సర్. ఆకు విషయంలో ప్లేటు తప్పు. కాయ చూడకుండా సంతకం పెట్టడం నా తప్పు.”

ఆయన కోప్పడలేదు, ఊరుకోనూ లేదు. పాత ప్లేటును కాదనాలంటే దానికంటే బలమైన సాక్ష్యం కావాలన్నారు. ఒకే చెట్టుకు గుర్తు పలక కట్టి, ఆ చెట్టు నుంచే పండు, కోత, ఆకు గీయాలి. అదే రెమ్మను నొక్కి ఎండబెట్టి నమూనాగా జతచేయాలి. నా పాత సంతకాన్ని నేనే రద్దు చేస్తూ లేఖ రాయాలి. లేఖ ఆ పూటే రాసి ఇచ్చాను. ఉద్యోగ జీవితం మొత్తంలో నా పని తప్పని నేనే రాసిచ్చిన కాగితం అదొక్కటే. ఈసారి నేను చెప్పేది నిజమని నాకు ఖాయంగా తెలుసు.

మర్నాటి నుంచి నాలుగు రోజులు మూడో మెట్టు మీద కూర్చున్నాను. కోసిన పండు రంగు గంటల్లో మారుతుంది కనుక చెట్టు మీద ఉండగానే రంగు పట్టుకోవాలి. సుగుణ తన డ్యూటీ అయ్యాక వచ్చేది. ఉమ్మ్ సాలెహ్ మొదటి రోజు దూరంగా కూర్చుంది. రెండో రోజు నేను కొలవడానికి పది కాయలు కోస్తుంటే లేచి వచ్చి, అన్నిటికంటే పెద్ద కాయను నా బుట్టలోంచి తీసేసింది.

“అది కాలవ పక్క కొమ్మదంట అక్కా” అంది సుగుణ. అప్పటికి నేను అక్కనైపోయాను. “నీళ్లు ఎక్కువ తాగి లావైందంట. ఆ రకం పోలిక కాదంట.”

పెద్దావిడ ఇంకో రెండు తీసేసి, వాటి బదులు తనే మూడు కోసి వేసింది. సాయంత్రం కొలతలు వేసి చూస్తే, ఆవిడ కోసిన వాటిలో ఒకటి పదింటికీ సరిగ్గా నడిమి కొలతకు వచ్చింది. నేను వేసిన కొత్త ప్లేటులో ఉన్న పండు అదే. నేను డివైడర్లతో గంటలో చేసే పని ఆవిడ అరచేత్తో చేసేసింది. ఆ మాట చెప్పమని సుగుణతో అంటే, చెప్పింది. ఆవిడ నవ్వలేదు. నాకు తాగడానికి గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసి ఇచ్చింది.

మూడో రోజు ఒక మాట అడిగింది. గోడ సంగతి ఏమైందని. కాగితం పైకి వెళ్లిందనీ, జాబితా మారితే గోడ పనీ వస్తుందనీ చెప్పాను. ఎప్పుడని అడిగింది. అది నా చేతిలో లేదన్నాను. ఆవిడ గోడ వైపు చూసి మళ్లీ అడగలేదు.

సవరణ ఫైలు సెప్టెంబరు మొదట్లో శాఖకు వెళ్లింది. పరిశీలన సంఘం నెలకోసారి కూర్చుంటుంది. ఒకసారి వాయిదా పడింది. అక్టోబరు నెలాఖరున కొండ మీద రెండు రోజులు కుండపోతగా కురిసింది. మూడో రోజు పొద్దున్నే సుగుణ ఫోను.

“అక్కా, మూడో మెట్టు గోడ పోయిందక్కా. మూడు చెట్లు రాళ్లతో పాటే కిందికి జారిపోయినయి. అవ్వకేం కాలేదు. మీరొకసారి రండి.”

వెళ్లాను. ఉబ్బిన చోటే గోడ తెగింది. మూడు చెట్లు వేళ్లతో సహా కింది మెట్టు మీద బోర్లా పడి ఉన్నాయి. మేలో నా పత్రం సరిగ్గా ఉండి ఉంటే, వేసవిలోనే ఆ గోడ పని జరిగేది. ఎదుటి కొండ మీద మా జాబితాకెక్కిన గోడలన్నీ ఆ వానకు నిలబడ్డాయి. ఇది ఊహ కాదు, కళ్ల ముందున్న లెక్క.

క్షమించమని చెప్పమన్నాను సుగుణను. ఉమ్మ్ సాలెహ్ అప్పటికే గునపం పట్టుకుని పడిపోయిన చెట్ల మొదళ్ల దగ్గర పిలకలు తవ్వుతోంది. తలెత్తకుండానే జవాబు చెప్పింది.

“నాలుగు నిలబడ్డాయి, ముందు వాటిని రాసుకోమంటున్నారు” అంది సుగుణ.

ఈసారి మాట మార్చి చెప్పిందేమోనని సుగుణ మొహం చూశాను. లేదని తలూపింది. నేనూ కూర్చుని పిలకలకు తడి గుడ్డ చుట్టాను. పదకొండు దొరికాయి.

నవంబరులో సంఘం సవరణను ఆమోదించింది. ‘అంతరించిన’ అన్న మాట కొట్టేసి, ఉమ్మ్ ఖద్ద్ పేరున నాలుగు చెట్లకు పలకలు పడ్డాయి. గోడ మరమ్మతు మంజూరై, నేను తిరుగు ప్రయాణమయ్యేలోగా సగం లేచింది. పిలకల్లో ఆరు నర్సరీకి వెళ్లాయి. మిగిలిన ఐదు ఆవిడ ఇవ్వలేదు.

అచ్చుకు ముందు డాక్టర్ హిషామ్‌కూ నాకూ ఒకే ఒక్క విషయంలో వాదన జరిగింది. జాబితాలో మిగతా ప్రతి యాపిల్ ప్లేటుకూ కుడి మూలన పువ్వు ఉంది, నేను రాకముందు మార్చిలో ఉద్యాన అధికారులు సేకరించి దాచిన పువ్వులను చూసి గీసినది. ఏడో దానికి లేదు. మేము ఆ చెట్లను చూసేనాటికే వాటి పూత రాలిపోయింది. మళ్లీ పూసేది మార్చిలో. అప్పటికి నా ఇకామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి, ముగిసిపోతుంది. యాపిల్ పువ్వులన్నీ దాదాపు ఒకలాగే ఉంటాయి కదా, మిగతా ప్లేట్ల చొప్పున ఒకటి వేసేయమని, మూల ఖాళీగా ఉంటే పని అసంపూర్తిగా కనిపిస్తుందని ఆయన అన్నారు.

“అసంపూర్తే సర్” అన్నాను. “ఆ మూలను నింపి నేను సంతకం పెట్టను.”

ఆయన ఒక రోజు ఆలోచించి ఒప్పుకున్నారు. ఆ ప్లేటు కింద వివరం ఇలా అచ్చయింది: పండు, కోత, ఆకు — మూడో మెట్టు, రెండో చెట్టు, ఆగస్టు. పువ్వు — చూడలేదు.

కంటితో చూసిన భాగాన్నే గీయాలి. ఏ భాగం ఏ చెట్టుదో, ఏ నెలలో చూసిందో పక్కన రాయాలి. చూడనిదాన్ని ఖాళీగా వదిలి, చూడలేదని రాయాలి. అందంగా నింపిన ఖాళీని తర్వాతి వాళ్లు సాక్ష్యంగా తీసుకుంటారు, దాని మీద సంతకాలు పెడతారు. ఈ సంగతి ఏ శిక్షణలోనైనా మొదటి వారంలోనే చెబుతారు. నాకూ చెప్పారు. అది నా చేతికి పట్టుబడింది మాత్రం ఇరవై నాలుగేళ్ల ఉద్యోగం తర్వాత, మూడు చెట్లు పోయాక.